పదును ఆరకముందే

ఇట్ల జరుగు బిడ్డా, పొగ అటు కొడ్తుంది. చిన్నోడా, ఆ తుమ్మమొద్దును కొంచెం ఎగదొయ్యి, మంట పడిపోతుంది.

పొద్దుగాల సంది చూస్తున్న బిడ్డా, నువ్వు ఆ ఫోను తీసుడు, చూసుడు, మల్ల పక్కకు పెట్టుడు. వీసా కాగితం వస్తదో రాదో అని. నీ రంది చిన్నదని నేననను. అప్పు తెచ్చి చదువుకున్న పిల్లవు, నీకుండదా మరి. కని బువ్వ తినేటప్పుడు చూసిన, పచ్చిపులుసు పోసుకున్నవా పెరుగు పోసుకున్నవా అంటే నీకే తెల్వదు. మీ నాయినమ్మ ఆ పులుసుకోసం మాపటి సంది చింతపండు నానవెట్టింది. గందుకే నాకు ఈ ముచ్చట యాదికొచ్చింది. మన ఊరు ఊరంతా ఒక్క రందితోని మొగులు దిక్కు చూసుకుంట కూసున్న కాలం ముచ్చట.

స్కైలాబు. పేరు మీకు తెలుసు, దాని మీద సినిమా గూడ వచ్చింది. సినిమాల చూసి నవ్వుకున్నరు గని, ఆ రోజులల్ల ఎవ్వలం నవ్వలే.

1979. ఢిల్లీల మొరార్జీ దేశాయి సర్కారు, ఈడ చెన్నారెడ్డి ముఖ్యమంత్రి. నాకప్పుడు మూతి మీద నూగు మీసం. ఊరికి పంచాయతి ఆఫీసుల ఒక రేడియో, దానికి గుంజకు కట్టిన మైకు. పొద్దుగాల ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు ఆ మైకుల వస్తే ఎడ్లు తోలుకపోయేటోళ్లు గూడ నిలబడి ఇనేది. పేపరు బస్సుల వచ్చేది, ఒక్కటే. అది బడి పంతులు సారు చదివి, మంగలాయన దుకాణం కాడ ఇస్తే, ఆడ ముక్కలు ముక్కలై ఊరంతా తిరిగేది. పేపర్ల ఉన్నది ఒకటైతే, ఊరి చివరికి చేరేటాల్లకు ఇంకొకటయ్యేది.

అసలు సంగతి సారు మాకు బడిల చెప్పిండు. అమెరికావోళ్లు 1973 మే నెలల ఒక పెద్ద ఇల్లసొంటి దాన్ని మొగులు మీదికి ఎగరేసిండ్రు. ముగ్గురు చొప్పున మూడు సార్లు మనుషులు పోయి అండ్ల ఉండి వచ్చిండ్రు. 1974 ఫిబ్రవరిల ఆఖరోళ్లు దిగినంక అది ఖాళీగనే తిరుగుతుండె. ఇంకో కొత్తరకం బండి తయారుచేసి, దానితోని దీన్ని మీదికి నూకుదాం అనుకున్నరు. ఆ బండి తయారుకాకముందే సూర్యుని మీద మంటలు ఎక్కువైనయి. ఆ వేడికి పైన ఉండే పల్సటి గాలి ఉబ్బి దానికి అడ్డం తగులుకుంట వచ్చింది. అడ్డం తగిలినకొద్ది అది కిందికి జారవట్టె. బరువు 77 టన్నులు. ఎప్పుడు పడ్తదో రోజు మాత్రం చెప్పగలిగిండ్రు, ఏడ పడ్తదో చెప్పలేకపోయిండ్రు.

ఆ 'ఏడనో' అన్న మాటనే మమ్ములను చంపింది. ఫలానా తావుల పడ్తదంటే ఆ తావోళ్లు లేచి పోదురు. ఏడనో అంటే ప్రతి ఊరోడు మా ఊరనే అనుకున్నడు. సారు నల్లబల్ల మీద లెక్క రాసి చూపిచ్చిండు. భూమ్మీద ఎవలో ఒకలకు దాని ముక్క తగిలేది 152 పాళ్లల్ల ఒక్క పాలు అన్నరంట అమెరికావోళ్లు. అదే ఈ బల్ల మీద కూసున్న నీకే తగలాల్నంటే 60 వేల కోట్లల్ల ఒకటి. మేము తలకాయలు ఊపినం. ఇంటికి పోయేటాల్లకు 60 వేల కోట్లు మర్శిపోయినం, ఆ ఒకటి మాత్రం మనసుల కూసున్నది.

ఇగ ఊరు ఊరు లెక్క లేదు. ఆషాఢమాసం గద, కొత్తగ పెండ్లయిన పిల్లలు తల్లిగారిండ్లకు రానే వచ్చిండ్రు. పాత పెండ్లిళ్ల బిడ్డలను గూడ బండ్లు కట్టుకపోయి తోల్కచ్చిండ్రు. సచ్చినా అందరం ఒక్కకాడ సద్దం అని. పోచమ్మకు బోనాలు ఎత్తిండ్రు. యేండ్ల సంది మాటల్లేని అన్నదమ్ములు ఒక్క మంచం మీద కూసున్నరు. అది మంచిదే, నేను కాదనను. కని రాను రాను వేరే తీరుగైంది. ఒకాయన మేకల మంద మొత్తం అంగట్ల అడ్డికి పావుశేరు అమ్మిండు. కోళ్లు కూసేటియి లేకుంటనే పోయినయి. కల్లుకాడ బాకీ రాసేది బంద్ పెట్టిండు గౌండ్లాయన. ఎవలు ఎవలకు కట్టాలె ఇగ? తాగుండ్రి అన్నడు.

ఉన్నన్ని రోజులు తిందాం, ఇయ్యాలనే మనది అనుకుంట తిన్నరు వాళ్లంతా. ఇప్పుడు గూడ కొందరు పెద్దపెద్దోళ్లు ఇదే మాట చెప్తరు, ఈ రోజును ఈ రోజు బతకాలె అని. ఆ మాట మంచిదే. కని నేను ఆనాడు కండ్లార చూసిన. కోడికూర ముందర పెట్టుకొని, నోట్లె ముక్క వెట్టుకొని, కండ్లల్ల నీళ్లు తీసుకున్న మనిషిని చూసిన. చెయ్యి గిన్నెల ఉన్నది, చూపు మొగులు మీద ఉన్నది. ఆయనకు ఆ కూర రుచి తెలిసిందని నేనెట్ల నమ్మాలె? రేపు లేదన్న భయంతోని ఇయ్యాల తినే తిండి గూడ రేపటి తిండే అయితది. ఇయ్యాలను ఇయ్యాల లెక్క చూసిన మనిషి మా ఊర్లె నాకు ఒక్కతే కనవడ్డది. మా నాయినమ్మ.

ఆమెను మీరు చూడలే. బక్కపలచటి మనిషి, ముక్కుకు రెండు దిక్కుల పుల్లలు, చేతికి వెండి కడెం. ఆమె సుఖంల పుట్టి సుఖంల పెరిగిన మనిషి కాదు. గత్తర వచ్చిన యేడు ఇద్దరు పిల్లలను మన్నుల పెట్టింది. రజాకార్లు ఊరి మీద పడ్డ రాత్రి చంటిపిల్లను కొంగుల చుట్టుకొని చొప్పకుప్పల దాసుకున్నది. 1948 సెప్టెంబర్ల యూనియన్ మిల్ట్రీ వచ్చి నిజాం సర్కారు పోయేదాక ఏ రాత్రి కంటినిండ నిద్రపోలేదని చెప్పేది. భయం తెల్వని మనిషి కాదు. భయం లోపట మెలిగిన మనిషి.

ఆ యేడు వానలు గూడ సక్కగ లేవు. మిరుగం ఉత్తగనే పోయింది. ఆరుద్రల రెండు జల్లులు దుమ్ము అణిచినయి, అంతే. పునర్వసు జొరవడంగనే ఒక్క రాత్రి గట్టిగ కొట్టింది. తెల్లారి చెల్కకు పోయి నాయినమ్మ కట్టెతోని గుచ్చి చూసింది. జానెడు పదును దిగింది. ఎర్రచెల్క, మీకు తెలుసు గద, ఒక్కరోజు ఎండ కొడితే పైన గట్టిపడ్తది, రెండు రోజులైతే లోపలి తడి గూడ పోతది. ఆముదాలు పెట్టాల్నంటే ఆ రోజే పెట్టాలె.

మా నాయిన సాగర్ కాలువ పనికి పోయి ఊర్లె లేడు. ఉన్నది చిన్నాయన. ఆయన వాకిట్ల మంచం మీద కూసొని బీడీ మీద బీడీ. 'నాగలి కట్టు కొడకా, పదునున్నది' అన్నది నాయినమ్మ.

'అవ్వా, బుధారం పడ్తదంటున్నరు. మనుషులమే ఉంటమో లేదో, ఇత్తులు మన్నుల కలిపి ఏం చేస్తం? ఉంటే అవి పట్టిచ్చుకొని ఆమదమన్న తీస్తం' అన్నడాయన.

'బుధారం బుధారం చూద్దాం. పదును ఇయ్యాలనే ఉన్నది.'

ఇంకో మాట అనలే ఆమె. తిట్టలే, బతిమాలలే. గుమ్మి కాడికి పోయి ఇత్తుల మూట తీసింది. ఆ మూట ఎట్ల కట్టిందో గూడ చెప్పాలె. పోయినేటి గెలల్ల మంచియి ఏరి, ఎండవెట్టి, బూడిద కలిపి కుండల పోసి, మూతికి పేడమట్టి మెత్తి దాచిన ఇత్తులు. రేపు ఎట్ల గడుస్తదో అని చూసుకోని మనిషి కాదు ఆమె. వానకాలం రాకముందే పిడకలు అటక మీదికి ఎక్కిచ్చేది, కందులల్ల వేపాకు కలిపేది, గొడ్లకు చొప్ప రెండు కుప్పలు ఎక్కువనే ఉంచేది. ముందుచూపు ఉన్నోళ్లకు రంది ఉంటదని, రంది లేనోళ్లు దేనికీ పట్టనోళ్లని అనుకుంటరు మీరు. ఆ రోజు మా ఇంట్ల రెండూ పక్కపక్కనే ఉండె. మంచం మీద కూసొని మొగులు చూసేటాయన రేపటికోసం ఒక్క పని చెయ్యలే. ఇత్తుల మూట ఎత్తుకున్నామె స్కైలాబు పేరే ఎత్తలే.

నాగలి నేను కట్టిన. మా అమ్మ, నాయినమ్మ ఇత్తులు వేసిండ్రు. సాలుకు సాలుకు రెండు మూరల ఎడం, సాల్ల మూరెడుకు ఒక ఇత్తు. నాకు చేతుల మేడి వణుకుతుండె. కాకి అరిచినా మీదికి చూసుడే. అట్ల చూసినప్పుడల్ల సాలు వంకర పోయేది. మూడోసారి వంకర పోయినప్పుడు నాయినమ్మ ఎడ్లను ఆపమన్నది. కోప్పడ్తదేమో అనుకున్న. చెంబుల నీళ్లిచ్చింది.

'నాయినమ్మా, నీకు భయం కాదా?' అని అడిగిన.

'ఎందుకు కాదురా? మీ చిన్నాయన మాట ఇన్నప్పుడు నా కాళ్లు అదిరినయి. రాత్రి గూడ నిద్ర పట్టలే. గందుకే ఈడికొచ్చిన. ఈడ సాల్ల చూపు పెడ్తె అది యాదికి రాదు. మల్ల వస్తది, మల్ల ఇత్తు దిక్కు చూస్త. నువ్వు మీదికి చూడకురా, ఎడ్ల కాళ్ల దిక్కు చూడు.'

బిడ్డా, ఇగ నేను చెప్పదలుచుకున్నది ఇదే. రందిని ఆమె గెలవలే. గెలుస్తనని కూసోలే. వచ్చినప్పుడల్ల చూపును మల్ల చేతుల ఉన్న ఇత్తు మీదికి తెచ్చుకున్నది, అంతే. ఒక్కసారి కాదు, సాలుకు ఎన్నిసార్లు వస్తే అన్నిసార్లు. నువ్వు హైదరాబాద్ల ఊపిరి మీద చూపు పెట్టుడు నేర్చుకున్న అన్నవు గద, మనసు పోతే మల్ల తెచ్చుకోవాలె అని. నువ్వు చెప్తుంటే నాకు ఆ చెల్కనే కనవడ్డది. ఎడ్ల కాళ్ల దిక్కు చూసినంక నా సాళ్లు సక్కగ వచ్చినయి. ఆ తడిమట్టి వాసన, ఎడ్ల మెడల గజ్జెలు, మా అమ్మ కొంగు నుంచి ఇత్తు జారే చప్పుడు, అన్నీ నాకు ఇప్పటికీ ఉన్నయి. మీదికి చూసినంతసేపు ఏం చూసిన్నో ఒక్కటి యాదికి లేదు.

బుధవారం వచ్చింది. జులై 11. పున్నమి పోయి రెండు రోజులైంది, చంద్రుడు జెర ఆలస్యంగ లేచిండు. ఊరంతా హనుమాండ్ల గుడి కాడ. భజన చేస్తుండ్రు, చిరుతలు ఆగకుంట కొడ్తుండ్రు. పిల్లలను ఒళ్లె పట్టుకొని ఆడోళ్లు అరుగుల మీద. ఎండ్రికిచ్చ ఎగిరినా 'అగో' అని అరుపు. మా నాయినమ్మ జొన్నగట్క తిని, గొడ్లకు మేతవేసి, ఉక్కపోస్తుందని వాకిట్ల నులకమంచం వాల్చుకొని పండుకున్నది. నిద్రపోయిందో లేదో నేను చెప్పలేను. కండ్లు మాత్రం మూసుకున్నది.

మన గడియారంల రాత్రి పది దాటి ఏడు నిమిషాలకు అది హిందూ మహాసముద్రం మీద ముక్కలైంది. కొన్ని సముద్రంల, కొన్ని ఆస్ట్రేలియా పడమటి దిక్కు ఎడారుల పడ్డయి. ఒక్క మనిషికి గీర పడలే. ఎస్పెరన్స్ అని ఆడొక ఊరు. ఆ ఊర్లె 17 యేండ్ల పిలగాడు ఇంటికాడ దొరికిన ముక్కలు పట్టుకొని అమెరికా పోతే, ఆడి పేపరోళ్లు 10 వేల డాలర్ల బహుమానం ఇచ్చిండ్రంట. ఇది మాకు సారు తర్వాత చెప్పిండు. మాకు మాత్రం తెల్లారి రేడియోలనే తెలిసింది, అంతా అయిపోయిందని.

ఒక పూట పండుగలెక్క ఉండె. దొరికినోళ్లను దొరికినట్టు కావలిచ్చుకున్నరు. ఆ యేడు పుట్టిన పిల్లలకు స్కైలాబు అని పేరు పెట్టుకున్నోళ్లు గూడ ఉన్నరు, ఆ పేరున్నోళ్లు మన దిక్కు ఇప్పటికీ కనవడ్తరు. మాపటికి సల్లగ అందరికీ సోయి వచ్చింది. మేకలు అమ్ముకున్నాయన ఖాళీ దొడ్డి ముందర కూసున్నడు. కల్లుకాడ బంద్ పెట్టిన బాకీలు మల్ల పుస్తకంలకు ఎక్కినయి. చిన్నాయన నాగలి తీసుకొని తన దిక్కు చెల్కకు పోయిండు. పదును ఆరిపోయింది. నాగలి మొన దిగలే.

నాయినమ్మ ఇత్తులు పెట్టింది గనుక బంగారం పండింది అని చెప్తే మీకు వినసొంపుగ ఉంటది. అది అబద్ధమయితది. 1979 దేశమంతా కరువు. మన దిక్కు గూడ తర్వాత వాన మొకం చాటేసింది. ఆముదం చెట్టు వేరు లోతుకు పోతది, ఎండకు నిలబడ్తది, గందుకే సావలే. సగం పంట గూడ రాలే. వచ్చిన దానికే ఆమె తృప్తిపడ్డదా అంటే, నేను చూసింది చెప్తున్న: తక్కువ వచ్చిందని మాపటిపూట ఒకసారి కండ్లు తుడుచుకున్నది, తెల్లారి గెలలు కోయపోయింది.

నడుమ ఒక మాట. ఆ ఆగస్టు 10న మన శ్రీహరికోట నుంచి ఉపగ్రహాన్ని మోసుకపోయేటందుకు మనోళ్లు చేసి ఎగరేసిన మొదటి రాకెట్టు గూడ బంగాళాఖాతంల పడ్డది. వాళ్లు ఏడ తప్పు జరిగిందో దాన్ని పట్టుకొని చూసి, సరిచేసి, 1980 జులై 18న మల్ల ఎగరేస్తే రోహిణి ఉపగ్రహం పైకెక్కింది. పడ్డదాన్ని ఊకె తల్చుకొని కూసున్నోళ్లయితే అయ్యేదా? నాకు వాళ్లన్నా మా నాయినమ్మ అన్నా ఒక్క తీరే గౌరవం.

ఇగ రెండో సంగతి. స్కైలాబు పోయిన ఏడు నెలలకు, 1980 ఫిబ్రవరి 16, శనివారం. సంపూర్ణ సూర్యగ్రహణం. ఆ నీడ సక్కగ మన నల్లగొండ మీదికెల్లే పోతదని రేడియోల చెప్పిండ్రు. జపాల రంగాపూర్ల ఉస్మానియా యూనివర్సిటీ వాళ్ల పెద్ద దుర్బీను ఉండె, ఆడికి దేశదేశాల నుంచి పండితులు వచ్చి దిగిండ్రు. వాళ్లు అంత దూరం నుంచి మన దిక్కు చూడనీకె వస్తే, మనోళ్లు తలుపులు మూసుకున్నరు. హైదరాబాద్ల గూడ రోడ్లు ఖాళీ అయినయంట. స్కైలాబు భయం ఇంకా ఒంట్లకెల్లి పోలే మరి. వట్టి కండ్లతోని చూడొద్దు, కండ్లు పోతయి అన్న మాట నిజమే, అది చెప్పాల్సిన మాటనే. కని చూడొద్దన్నది పోయి బయటికే రావద్దు అన్నదాక వచ్చింది. కిటికీలకు గోనెసంచులు కట్టిండ్రు.

నాయినమ్మ గ్రహణాన్ని నమ్మేది. పొద్దుగాలనే పచ్చడి జాడీల మీద గరిక వేసింది. కడుపుతోని ఉన్న చిన్నమ్మను కదలకుంట పండుకోమన్నది. పళ్లెంల నీళ్లు పోసి రోకలి నిలబెట్టింది. అన్నీ చేసి, కళ్లం దిక్కు బయలెల్లింది. ఎండిన ఆముదం గెలలు కళ్లంల పోసి ఉన్నయి, తెల్లారితే సేటు బండి వస్తది, కొట్టి తూర్పారబట్టాలె. ఆ స్కైలాబు వారంల పెట్టిన ఇత్తుల పంటనే అది. చిన్నాయన అడ్డం పడ్డడు. 'గ్రహణం పూట బయటికెట్ల పోతవే అవ్వా?' అన్నడు. 'పని ఈ పూటదే కొడకా' అన్నది. ఎనుక నేను పోయిన.

కొడ్తున్నం. మూడు దాటినంక ఎండ రంగు మారింది. మాపటి వెలుగు ఎర్రగుంటది గద, ఇది అట్ల కాదు, వెండితీరుగ, పల్సగ. చింతచెట్టు కింద నాయినమ్మ నిలబడిపోయింది. 'ఒరే, ఇటు చూడు' అన్నది. ఆకుసందులకెల్లి పడే ఎండ మరకలన్నీ కొడవండ్ల లెక్క ఉన్నయి. నేల మీద, గెలల మీద, ఆమె చేతుల మీద, వందల కొడవండ్లు. ఆకుసందు సందు ఒక సన్నని బెజ్జమై సూర్యుని రూపాన్ని కిందికి దింపుతదని సారు తర్వాత చెప్పిండు. ఆమెకు ఆ శాస్త్రం తెల్వదు. అర్రచెయ్యి చాపి, దాంట్ల పడ్డ కొడవలిని అట్లనే చూసుకుంట నిలబడ్డది.

గాలి సల్లబడ్డది. కాకులు చెట్టెక్కినయి. పడమటి దిక్కు నుంచి చీకటి ఉరికొచ్చినట్టు వచ్చింది. నిండ కప్పుకున్నప్పుడు మాత్రం కండ్లతోని చూడొచ్చని సారు చెప్పి ఉండె గనుక, అప్పుడు తల ఎత్తినం. నల్లటి బిళ్ల, దాని చుట్టు తెల్లటి వెలుగు ఎంటికల లెక్క చెదిరి. పక్కకు శుక్రుడు పట్టపగలు మెరుస్తుండె. ఊర్లెకెల్లి పళ్లాలు కొట్టే చప్పుడు, లోపటినుంచి అరుపులు. నాయినమ్మ చేతుల బడితె కింద పెట్టి దండం పెట్టింది. రెండు నిమిషాలు. ఒక్క పక్కకెల్లి నిప్పురవ్వ తీరుగ వెలుగు లేచేటాల్లకు ఆమె తల దించుకొని నన్ను గూడ దించమన్నది.

గ్రహణం మొత్తం విడిచి, స్నానాలు అయినంక చిన్నాయన కళ్లంలకు వచ్చిండు. ఆయన ఎంబడి సారు గూడ వచ్చిండు, ఆయన బడి గోడకు అట్టముక్కల బెజ్జం పెట్టి చూసిండంట. 'మల్ల ఎప్పుడొస్తది సారూ?' అని చిన్నాయన అడిగిండు. మన ఈడోళ్లు బతికుండంగ ఈ ఊరి మీదికి మల్ల రాదని సారు చెప్పిండు. చిన్నాయన జెరసేపు ఏమనలే. తర్వాత, 'ఎట్లుండెనే అవ్వా, సక్కగ చెప్పు' అన్నడు. ఆమె కొడవండ్ల కాడికెల్లి మొదలుపెట్టి అంతా చెప్పింది, నేను మర్శిపోయినయి గూడ. ఆయన ఇనుకుంటనే బడితె అందుకొని గెలలు కొట్టుడు మొదలువెట్టిండు. పొద్దుగూకనీకె ఇంకా గంట ఉండె.